రాసిన చేయి, కాసిన చేయి

సుప్రభాతం మొదలు రాత్రి ఏకాంత సేవ దాకా తిరుమలలో ఒక రోజు జరిగే సేవలన్నీ చూసే భాగ్యం ఉదయాస్తమాన సేవ. 2022లో దేవస్థానం ఈ టికెట్లు మళ్లీ ఇచ్చినప్పుడు మామూలు రోజుకు కోటి రూపాయలు, అభిషేకం ఉండే శుక్రవారానికి కోటిన్నర అని ప్రకటించింది. ఏడాదికి ఒక రోజు, పాతికేళ్ల పాటు. ఆ విరాళం తిరుపతిలో తలపెట్టిన శ్రీ పద్మావతి పిల్లల ఆసుపత్రికి.

దేవుడి దగ్గర రేటు బోర్డేమిటని విసుక్కున్నవాళ్లున్నారు. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. అయినా ఆ ఒప్పందాన్ని అల్లిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. గోడలు లేచే వేళకే ఆసుపత్రికి డబ్బు అందుతుంది, భక్తుడికి పాతికేళ్ల సేవ మిగులుతుంది, ఎవరికి ఏమిటి, ఎన్నాళ్లు అన్నది కాగితం మీద ఉంటుంది. ఫలానా ఆస్తి, ఫలానా రోజు నుంచి, ఫలానా పనికి అని ముందే ఆలోచించి రాసిచ్చే ఈ రకం దానాన్ని విదేశాల్లో పెద్ద ఆసుపత్రులు ఒక ప్రత్యేక విభాగమే పెట్టి నడుపుతాయి. జేబులోంచి తీసి ఇవ్వడానికి మంచి మనసు చాలు. రాసిచ్చే దానానికి తేదీలు, షరతులు, సాక్షులు కూడా కావాలి. రాసినాయన పోయాక ఆ కాగితాన్ని కాపు కాసే మనిషి అంతకన్నా ఎక్కువ కావాలి. ఈ మనిషి పేరు శిలాఫలకాల మీద కనిపించదు. చాలాసార్లు ఆ మనిషి ఏళ్ల తరబడి జీతం లేకుండా ఆ ఆసుపత్రి చుట్టూ తిరిగిన స్వచ్ఛంద సేవకురాలై ఉంటుంది.

ఇందుకు లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిని మించిన ఉదాహరణ దొరకదు. డాక్టర్ చార్లెస్ వెస్ట్ చొరవతో 1852 ఫిబ్రవరి 14న పది మంచాలతో మొదలైంది. ఆరేళ్లకే డబ్బుకు కటకటలాడింది. అప్పుడు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ పూనుకున్నాడు. 1858లో ఒక విందులో ఆసుపత్రి కోసం ప్రసంగించి, తర్వాత తన 'ఎ క్రిస్మస్ కేరల్'ను జనం ముందు చదివి వినిపించాడు. ఆ చందాలతో పక్క ఇల్లు కొన్నారు. అప్పటికున్న 20 మంచాలు 75 అయ్యాయి. గొప్ప దానమే. కానీ డికెన్స్ గొంతు ఆగిన చోట ఆ రాబడీ ఆగింది.

ఆగని దానం చేసినవాడు జె.ఎం. బ్యారీ. స్కాట్లండ్‌లో ఒక చేనేత కార్మికుడి కొడుకు. మగ్గం చప్పుడు తెలిసిన మంగళగిరి, పోచంపల్లి పాఠకులకు ఆ ఇల్లు ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. ఎప్పటికీ పెద్దవాడు కాని ఎగిరే పిల్లాడు పీటర్ పాన్‌ను 1904 డిసెంబరులో లండన్ నాటకశాలలోకి దింపాడు, 1911లో నవలగానూ రాశాడు. బ్యారీకి సొంత పిల్లలు లేరు. 1929లో ఆసుపత్రివాళ్లు ఆయన దగ్గరికి వచ్చారు. కొత్త కట్టడాల కోసం పక్క స్థలం కొనాలి, దానికో కమిటీ వేస్తున్నాం, మీరు కూర్చోవాలి అని అడిగారు. ఆయన కూర్చోనన్నాడు. మరో దారిలో ఏమైనా చేయగలనేమో చూస్తానన్నాడు. రెండు నెలలు తిరగకుండా పీటర్ పాన్ హక్కులన్నీ ఆసుపత్రి పేర రాసేశాడు.

కమిటీ అంటే పారిపోయేవాళ్లందరూ ఇలా ప్రాయశ్చిత్తం చేసుకుంటే దేశంలో ఆసుపత్రులకు లోటే ఉండదు.

ఆ ఏడాది డిసెంబరులో నాటక బృందం ఆసుపత్రి వార్డులోకే వచ్చి పిల్లల మంచాల మధ్య కొన్ని దృశ్యాలు ఆడింది. బ్యారీ 1937 జూన్‌లో పోయాడు. వీలునామా ఆ దానాన్ని మళ్లీ ఖాయం చేసింది. ఒక్క కోరిక మాత్రం కోరాడు: ఈ హక్కుల మీద ఎంత వస్తోందో బయటికి చెప్పకండి. ఆసుపత్రి ఇప్పటికీ చెప్పదు. మన పల్లెటూరి గుళ్లో ట్యూబ్‌లైట్ మీద దాత పేరు, తండ్రి పేరు, గోత్రం, ఊరు, ఫోన్ నంబరు రాశాక వెలుతురు బయటికి రావడానికి చోటు ఎక్కడ మిగులుతుంది? ఫ్యాను రెక్కల మీదైతే ఇంకా చిత్రం, తిరిగినంతసేపూ పేరు చదవడం కుదరదు, ఆపి చదివితే గాలి రాదు. అలాంటి మనకు బ్యారీ కోరిక వింతగానే ఉంటుంది.

అయితే బ్యారీ ఎంత ఉదారంగా రాసినా చట్టం తనకు ఇచ్చిన దానికన్నా ఎక్కువ ఇవ్వలేడు కదా. అప్పటి బ్రిటిష్ చట్టం ప్రకారం రచయిత పోయిన 50 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. ఆ లెక్కన 1987 డిసెంబరు 31 అర్ధరాత్రి పీటర్ పాన్ ఆసుపత్రి కిటికీలోంచి ఎగిరిపోవాలి. అదే సమయంలో ఆసుపత్రి పాత కట్టడాలను తిరగ్గట్టడానికి 'విషింగ్ వెల్' పేరుతో పెద్ద చందా ఉద్యమం నడుపుతోంది. ఒక చేత్తో అడుక్కుంటుంటే రెండో చేతిలో ఉన్నది జారిపోతోంది.

ఇక్కడ రంగంలోకి వస్తుంది ఆడ్రీ కాలహన్. ఆమె భర్త జేమ్స్ కాలహన్ 1976 నుంచి 1979 దాకా బ్రిటన్ ప్రధాని. పత్రికలు ఆమెను ప్రధాని భార్యగానే గుర్తుపెట్టుకున్నాయి. కానీ ఆ హోదా మూడేళ్ల ముచ్చట. గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్‌తో ఆమె బంధం అంతకు ముందే ఉంది, ఆ తర్వాతా ఉంది. 1969 నుంచి 1972 దాకా ఆసుపత్రి గవర్నర్ల బోర్డు అధ్యక్షురాలు. 1983 నుంచి 1990 దాకా విరాళాలు చూసుకునే ప్రత్యేక ట్రస్టీల అధ్యక్షురాలు. అంటే, పీటర్ పాన్ గడువు ఏ రోజు తీరుతుందో, తీరితే ఏ పద్దులో చిల్లు పడుతుందో తెలిసిన మనిషి. మాజీ ప్రధాని అప్పటికి ప్రభువుల సభలో సభ్యుడు. కొత్త కాపీరైట్ బిల్లు ఆ సభకు రాగానే, భార్య ప్రోద్బలంతో ఆయన ఒక సవరణ పెట్టాడు. అది నెగ్గి 1988 చట్టంలో 301వ సెక్షన్‌గా కూర్చుంది.

ఆ సెక్షన్ చదివితే దాని నేర్పు తెలుస్తుంది. కాపీరైట్‌ను శాశ్వతం చేయలేదు. చేస్తే ప్రతి రచయిత వారసుడూ మాకూ కావాలని వరసలో నిలబడేవాడు. ఆసుపత్రికి దక్కింది రాయల్టీ హక్కు మాత్రమే. బ్రిటన్‌లో ఎవరైనా నాటకం వేసుకోవచ్చు, పుస్తకం వేసుకోవచ్చు, ప్రసారం చేసుకోవచ్చు. కాదనే అధికారం ఆసుపత్రికి లేదు. కానీ వాటా కట్టాలి. ఎంతన్నది కుదరకపోతే కాపీరైట్ ట్రిబ్యునల్ తేలుస్తుంది. దీనికి కాలపరిమితి లేదు, ఒక షరతు ఉంది: ఆసుపత్రి తన గుర్తింపు కోల్పోయినా, జబ్బు పిల్లల్ని చూడడం మానేసినా ఆ హక్కు ఆ రోజుతో సరి. చట్టం దానాన్ని భవనానికి కట్టలేదు, పనికి కట్టింది.

తర్వాత యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ కాపీరైట్‌ను 70 ఏళ్లకు పెంచుకోవడంతో 1996లో బ్రిటన్‌లో పీటర్ పాన్ పూర్తి కాపీరైట్ మళ్లీ ప్రాణం పోసుకుని 2007 చివరి దాకా బతికింది. అమెరికాలో నాటకం ప్రతి 1928లో అచ్చయింది కాబట్టి అక్కడ 2023 చివరి దాకా నడిచింది. ఒకే దానానికి ఇన్ని గడువులు. వీటిని రాసిపెట్టుకుని, గుర్తు చేసి, తలుపులు తట్టేవాళ్లు లేకపోతే బ్యారీ సంతకం 1988 జనవరి ఒకటిన పాత కాగితమైపోయేది. ఆడ్రీ 2005 మార్చిలో కన్నుమూసింది. పదకొండు రోజులకు భర్త కూడా.

రాసిచ్చేవాళ్లకు బ్యారీ అంత ఆస్తి ఉండాలా? ఉండనక్కర్లేదని అమెరికాలో సియాటిల్ చెబుతుంది. రెడ్‌మండ్, బెల్‌వ్యూ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు సియాటిల్ చిల్డ్రన్స్ ఆసుపత్రి పేరు బాగా తెలుసు. జ్వరం తగ్గని పసివాణ్ని రాత్రివేళ కార్లో వేసుకుని అక్కడికి పరుగెత్తిన అనుభవం చాలామందికి ఉండే ఉంటుంది. దాని పుట్టుక మాత్రం అంతగా ప్రచారంలో లేదు. 1898లో ఆనా క్లైస్ అనే తల్లికి పసివాడైన కొడుకు విల్లిస్ కీళ్లవాత జ్వరంతో పోయాడు. ఆ ప్రాంతంలో పిల్లలకంటూ ఆసుపత్రి లేదు. దుఃఖంలోంచి తేరుకున్నాక, 1907 జనవరిలో ఆమె 23 మంది స్నేహితురాళ్లను పోగేసింది. తలా 20 డాలర్లు వేసుకున్నారు. ఆసుపత్రికి మొదటి రాయి అదే. జాతి, మతం, తల్లిదండ్రుల డబ్బు చూడకుండా ఏ బిడ్డనైనా చేర్చుకోవాలన్నది మొదటి నుంచీ నియమం. మరుసటి ఏడాది నుంచి ఊళ్లలో, పేటల్లో ఆడవాళ్లు 'గిల్డ్' పేరుతో చిన్న చిన్న బృందాలు కట్టారు. నెలకోసారి ఎవరింట్లోనో కలవడం, కుట్టుపనులు, అమ్మకాలు, చందాలు. మన మహిళా సంఘాల పొదుపు సమావేశం చూసినవాళ్లకు ఆ గదిలో జరిగేది తెలిసిపోతుంది. వందేళ్లు దాటినా ఆ గిల్డ్‌లు నడుస్తూనే ఉన్నాయి. అమ్మ తర్వాత కూతురు, కూతురు తర్వాత మనవరాలు.

ఇలా జీవితమంతా సేవలో గడిపిన మనుషులు ముసలితనంలో ఆసుపత్రికి ఏమైనా మిగల్చాలనుకుంటే అమెరికాలో ఓ పద్ధతి ఉంది. పేరు గిఫ్ట్ యాన్యుయిటీ. దాచుకున్న డబ్బు ఇప్పుడే ఆసుపత్రికి ఇచ్చేస్తారు. బతికినన్నాళ్లూ ఏటా ఒక నిర్ణీత మొత్తం ఆసుపత్రి వాళ్లకు చెల్లిస్తుంది. పోయాక మిగిలింది ఆసుపత్రిది. అమెరికన్ బైబిల్ సొసైటీ 1843లోనే మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. ఎక్కువకాలం బతికితే దాతకు లాభం, లేకపోతే ఆసుపత్రికి. అయినా ఇద్దరూ ఒకరి ఆరోగ్యం ఒకరు కోరుకోవాల్సిన ఈ వింత బంధంలో కొంచెం హాస్యం ఉంది, కొంచెం ఆత్మగౌరవం కూడా ఉంది. చెయ్యి చాచకుండా ముసలితనం గడవాలి, ఉన్నది పిల్లలకు చేరాలి అనుకునే మనిషికి అంతకన్నా ఏం కావాలి?

అచ్చంగా ఆ పద్ధతి మన దగ్గర లేదు. దగ్గరగా వచ్చేది ఉంది. ఇల్లు ఆసుపత్రి ట్రస్టు పేర దానపత్రం రాసి రిజిస్టర్ చేయించి, బతికినంతకాలం అందులో ఉండే హక్కును అట్టే పెట్టుకోవచ్చు. అలా అనుభవ హక్కు ఉంచుకుని రాసిన దానమూ చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. అయితే దానపత్రం రాసి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం మాటలు కాదు. వీలునామా అలా కాదు, మనసు మారినప్పుడల్లా మార్చుకోవచ్చు, ఆఖరున రాసిందే నిలుస్తుంది. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ ఇష్టమైతే చేయించుకోవచ్చు. సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచే వీలు కూడా చట్టంలో ఉంది. ఆ సంగతి తెలిసినవాళ్లు బహు తక్కువ.

తెలియని సంగతులు ఇంకా ఉన్నాయి. హిందువులు తమ స్వార్జితాన్నీ, ఉమ్మడి ఆస్తిలో తమ వాటానూ వీలునామాలో ఇచ్చుకోవచ్చు. ముస్లింలు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి రాయలేరు. క్రైస్తవులకైతే దగ్గరి బంధువులుంటే చనిపోవడానికి ఏడాది ముందే ధర్మకార్యాల వీలునామా రాసి ఉండాలనే పాత నిబంధన ఒకటి ఉండేది. పోయే తేదీ ముందే తెలిసినట్టు! కేరళకు చెందిన ఒక మతగురువు కోర్టుకెక్కితే 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు బ్యాంకు ఫారంలో నామినీగా రాస్తే సరిపోతుందనుకోవడం. నామినీ డబ్బు అందుకుంటాడు. సొంతం చేసుకునేది మాత్రం వారసులో, వీలునామాలో ఉన్నవాళ్లో.

మన వీలునామాల్లో ఆసుపత్రుల పేర్లు అరుదు కావడానికి పన్ను సంగతి కూడా కొంత కారణం. బ్రిటన్‌లో వారసత్వ పన్ను 40 శాతం. ఆస్తిలో పదో వంతు ధర్మసంస్థలకు రాస్తే 2012 నుంచి అది 36కు తగ్గుతుంది. అక్కడి వకీళ్లు ఆ మాట వాళ్లంతట వాళ్లే ఎత్తుతారు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు. దాంతో వీలునామా రాయించే గదిలో ఆసుపత్రి పేరు ఎత్తే మనిషే లేకుండా పోయాడు.

అయినా ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉన్నారు. గుంటూరు మెడికల్ కాలేజీలో 1965లో చేరిన డాక్టర్ గవిని ఉమ అమెరికాలో ఎలర్జీ వైద్యురాలిగా స్థిరపడ్డారు. 2022లో, అక్కడున్న ఆ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం జింకానా సమావేశంలో, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో కట్టే తల్లీబిడ్డల బ్లాకుకు 20 కోట్ల రూపాయలు ప్రకటించారు. తన పేరు వద్దన్నారు, అంతకు కొన్నేళ్ల ముందు పోయిన భర్త డాక్టర్ కానూరి రామచంద్రరావు పేరు పెట్టడానికి ఒప్పుకున్నారు. పత్రికలన్నీ 20 కోట్ల అంకె దగ్గరే ఆగిపోయాయి. ఆమె అంతకు ముందు అదే సంఘానికి అధ్యక్షురాలిగా పనిచేశారన్నది చివరి వాక్యం. కానీ అసలు కథ ఆ చివరి వాక్యంలోనే ఉంది. ఏ బ్లాకు, ఎవరు కడతారు, లెక్క ఎవరు చూస్తారు అన్నవి సంఘంలో ఏళ్లు గడిపిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె తర్వాత మరికొందరు వైద్యులు కూడా కోట్లలో ప్రకటించారు.

ఆసుపత్రిని లోపలి నుంచి ఎరిగినవాళ్లు ఇచ్చే తీరే వేరు. బయటి దాత యంత్రం కొనిస్తాడు, రిబ్బన్ కత్తిరిస్తాడు. రెండేళ్లకు వారంటీ తీరుతుంది, ఏటా నిర్వహణ రుసుము (ఏఎంసీ) కట్టడానికి ఏ పద్దులోనూ డబ్బుండదు, పసికందులకు వెచ్చదనమిచ్చే వార్మర్ మీద దుప్పటి కప్పి మూల పెడతారు. వార్డులో మంగళవారం మంగళవారం వచ్చి పిల్లల్ని ఆడించే వలంటీరుకు ఆ మూల తెలుసు. అలాంటి మనిషి వీలునామాలో 'ఫలానా యంత్రానికి' అని రాయరు. అసలు కదలకుండా వడ్డీ మాత్రం వాడుకోమంటారు, ఏ అవసరానికన్నది ఆ రోజున్న వైద్యులకే వదిలేస్తారు. గుళ్లలో శాశ్వత పూజలు, శాశ్వత అన్నదానాల పద్ధతి ఇదే. ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి మనం దాన్ని ఎందుకో మరిచిపోతాం.

ఇక ఆస్తిపాస్తులు లేని తెలుగు రచయిత ఎవరైనా బ్యారీని చూసి ఉత్సాహపడి తన నాటకం హక్కుల్ని ఊళ్లో పిల్లల ఆసుపత్రికి ఇవ్వాలనుకున్నాడనుకుందాం. తెలుగు పుస్తకాల రాయల్టీతో ఒక ఫ్యాను వస్తుందా అని నవ్వకండి. సినిమావాళ్ల కన్ను ఏ కథ మీద ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు? మన దేశంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. వీలునామాలో ఇస్తే మిగిలిన కాలమంతా ఆసుపత్రిదే. బతికుండగానే రాసిస్తే మాత్రం ఒక మెలిక ఉంది. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం అయిదేళ్లేనని లెక్కేస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. ఆరో ఏడు విజయవాడలో నాటకం ఆడినా, డల్లాస్‌లో తెలుగు సభల్లో ఎప్పుడు ఆడినా ఆసుపత్రికి పైసా రాదు. 'కాపీరైట్ ఉన్నంతకాలం' అని ఒక మాట, 'ప్రపంచమంతటా' అని ఒక మాట పత్రంలో చేర్చమని అడగాలి. ఆ రెండు మాటలకు ఏ డాక్యుమెంట్ రైటరూ అదనంగా డబ్బు తీసుకోడు.